పన్నెండో ప్రతి

ప్రాగ్ నుంచి వచ్చి వారమైంది. గుర్తున్నది గుర్తున్నట్టు రాసేసుకోవాలని కూర్చున్నాను.

ముందు నాన్న సంగతి చెప్పాలి. నాన్న రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో ఫిట్టర్‌గా చేరి అక్కడే రిటైరయ్యారు. ఆ ఫ్యాక్టరీ చెకొస్లొవేకియా సహకారంతో కట్టింది. మొదట్లో చెక్ ఇంజనీర్లే వచ్చి మనవాళ్లకు పని నేర్పారు. మా ఇంట్లో గోడ మీద లెనిన్ ఫొటో, అల్మారా నిండా విశాలాంధ్రలో కొన్న సోవియట్ పుస్తకాలు. మా చిన్నప్పుడు రష్యా అంటే మంచు, రొట్టె, న్యాయం.

పోయే ముందు సంవత్సరం ఒక సాయంత్రం నాన్న ఉన్నట్టుండి చెప్పారు. 1968 ఆగస్టులో ఒకరోజు, ఆయనకు పని నేర్పిన చెక్ ఇంజనీరు డ్యూటీకి రాలేదట. ఒంట్లో బాలేదేమోనని నాన్న క్వార్టర్‌కి వెళ్తే, రేడియో ముందు కూర్చుని ఏడుస్తున్నాడట. అక్కడి సంస్కరణల్ని ఆపడానికి ముందు రోజు రాత్రే సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాయి. "ట్యాంకులు మనవాళ్లవమ్మా. ఏడుస్తున్నది ఆయన. నేనేం మాట్లాడను? టీ పెట్టిచ్చి వచ్చేశాను" అన్నారు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

తమ్ముడి కూతురు ప్రాగ్‌లో చదువుకుంటోంది. "రా అత్తా, నా గదిలోనే ఉండొచ్చు" అని రెండేళ్లుగా పిలుస్తోంది. ఈ దీపావళి సెలవులకి వెళ్లాను. కోటలూ వంతెనలూ చూడాలని కాదు. ట్యాంకులు వచ్చాక, 1989లో కమ్యూనిస్టు పాలన పోయేదాకా, ఆ ఇరవై ఒక్క ఏళ్లూ, ఒప్పుకోనివాళ్లు అక్కడ రోజు ఎలా గడిపారో తెలుసుకోవాలని.

అక్టోబర్ 29, మంగళవారం. జిజ్కోవ్

మేనకోడలు ఉండేది జిజ్కోవ్ అనే పేటలో, ఒక పెద్దావిడ ఇంట్లో. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆవిడకు 82 ఏళ్లు. రోజూ రెండుసార్లు ఆ మెట్లు దిగి ఎక్కుతారట.

వట్టి చేతులతో ఎందుకు వెళ్లాలని దారిలో గులాబీలు కొన్నాను, ఆరు. గుమ్మం దగ్గర మేనకోడలు లెక్కపెట్టి ఒకటి తీసేసింది. "సరి సంఖ్య సమాధులకే అత్తా. బతికున్నవాళ్లకి బేసి సంఖ్యే ఇవ్వాలి." తీసిన పువ్వుని తన కోటు జేబులో పెట్టుకుంది.

లోపలికి వెళ్లగానే చెప్పులు విడవడం మనకి అలవాటే కానీ, ఇక్కడ విడిచాక ఊరికే ఉండనివ్వరు. అతిథుల కోసం వేరే చెప్పులు వరసగా పెట్టి ఉంటాయి. నా పాదం చూసి ఆవిడే ఒక జత ఎంచి ఇచ్చారు. నవ్వలేదు. ఈ ఊళ్లో కొత్తవాళ్లని చూసి నవ్వరని, అది కోపం కాదని మేనకోడలు ముందే చెప్పింది.

రాత్రికి బంగాళాదుంపల సూప్. ఎండబెట్టిన పుట్టగొడుగులు, క్యారెట్, కొంచెం వెల్లుల్లి. మొదటి చెంచా నోట్లో పెట్టగానే తెలిసిన వాసన. ఎక్కడిదో ఒక పట్టాన తట్టలేదు. రెండో చెంచాకి తెలిసింది, మరువం! మనం జడలో పెట్టుకునే మరువమే, ఎండబెట్టి నలిపి వేస్తారు. "మా ఊళ్లో దీన్ని పూలతో కలిపి దండ కడతాం" అని చెప్పించాను. ఆవిడ చెంచా పక్కన పెట్టి, సీసా మూత తీసి మరోసారి వాసన చూశారు. అప్పుడు నవ్వారు.

అక్టోబర్ 30, బుధవారం. యెచ్నా వీధి, బార్తొలొమెయ్‌స్కా వీధి, ఒక గ్రంథాలయం

మూడు రోజుల ట్రామ్, మెట్రో పాసుకి 330 కొరూనాలు అయింది. మన లెక్కలో దాదాపు 1,200 రూపాయలు. కొన్నాక మిషన్‌లో ఒక్కసారి ముద్ర కొట్టించుకోవాలి, మర్చిపోతే జరిమానా.

యెచ్నా వీధి ట్రాములు, కార్లతో మోతగా ఉంది. ఏడో నంబరు ఇల్లు మిగతా ఇళ్లలాగే ఉంది. నేను ఎదుటి పేవ్‌మెంట్ మీద చాలాసేపు నిలబడ్డాను. డానా నెమ్త్సోవా అనే సైకాలజిస్టు, ఆమె భర్త యిర్జీ నెమెత్స్ ఏడుగురు పిల్లలతో ఉన్నది ఇక్కడే. తలుపు ఎవరికైనా తెరిచే ఉండేదట. జుట్టు పెంచుకున్న పాటగాళ్లు, కాలేజీ నుంచి తీసేసిన కుర్రాళ్లు, చర్చి మనుషులు, చర్చికి వెళ్లనివాళ్లు అందరూ ఈ మెట్లే ఎక్కారు. ఛార్టర్ 77 మీద సంతకం పెట్టాక ఆమె ఉద్యోగం పోయింది. తుడిచే పని చేశారు.

ఛార్టర్ అంటే పార్టీ కాదు, సంఘం కాదు. 1977 జనవరి 1 తేదీ వేసిన ఒక కాగితం. దాంట్లో విప్లవం ఊసే లేదు. మానవ హక్కుల ఒప్పందాల మీద ప్రభుత్వమే సంతకం పెట్టింది, 1976లో తన గెజిట్‌లో తనే అచ్చు వేసుకుంది. అచ్చు వేసింది అమలు చేయండి అని అడిగారు, అంతే. మొదట సంతకం పెట్టింది 240 మంది పైచిలుకు. 1989 ఆఖరుకి కూడా దాదాపు 1,900 మందే. కోటిన్నర జనాభా ఉన్న దేశంలో.

1978లో, అన్యాయంగా కేసుల్లో ఇరికించినవాళ్ల తరఫున మాట్లాడే ఒక కమిటీ పెట్టుకున్నారు. దాన్ని ఇక్కడ 'వోన్స్' అంటారు. 1979 మే 29న దాంట్లోని పదిమందిని అరెస్టు చేశారు. వాళ్లలో డానా ఉన్నారు, యిర్జీ ఉన్నారు. అంటే ఈ ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరూ ఒకేసారి జైల్లో. ఏడుగురు పిల్లలు. పెద్దది చిన్నదానికి జడ వేసి ఉంటుంది, ఎవరో ఒకరు అన్నం వండి ఉంటారు. కిందనుంచి కిటికీలు చూస్తూ నాకు వాళ్ల నాయకత్వం, తెగువ ఏమీ గుర్తురాలేదు. ఆ రోజు పొద్దున పిల్లలు ఏం తిన్నారో అన్నదే గుర్తొచ్చింది.

పక్క సందులో మధ్యాహ్నం భోజనం. ఇక్కడ పదకొండు నుంచి రెండింటిదాకా రోజువారీ భోజనం చవగ్గా పెడతారు. వేయించిన జున్ను, ఉడికించిన దుంపలు, ముందు సూప్, కలిపి 195 కొరూనాలు. పక్క బల్ల మీద ఒక పెద్దాయన పళ్లెంలో మందపాటి తెల్లటి ముక్కలు, గ్రేవీ. అవి క్నెద్లీక్‌లట. పిండిని పొడవుగా చుట్టి ఉడికించి, కత్తితో కాకుండా దారంతో కోస్తారు. కత్తితో అయితే నొక్కుకుపోతుందని. ఇడ్లీకి దూరపు చుట్టంలా ఉంది. నేను చూడడం చూసి ఆయన ఒక ముక్క ఫోర్కుతో గుచ్చి నా పళ్లెంలో పెట్టేశారు. మాట లేదు, మళ్లీ తన భోజనంలో పడిపోయారు.

బార్తొలొమెయ్‌స్కా ఒక చిన్న వీధి. రహస్య పోలీసులు, అంటే ఎస్‌టీబీ వాళ్లు, విచారణకి పిలిచేది ఇక్కడికే. ఇప్పటికీ పోలీసు భవనం ఉంది. పక్కనే సన్యాసినుల మఠం. మఠాన్ని లాక్కుని కొన్ని గదుల్ని లాకప్‌లుగా మార్చారు. నాటక రచయిత వాత్స్లావ్ హవెల్‌ని, తర్వాత దేశాధ్యక్షుడైన ఆయన్ని కూడా అందులో పెట్టారు. 1989 తర్వాత మఠం సన్యాసినులకి తిరిగొచ్చింది, లాకప్ గదులు కొన్నాళ్లు అతిథిగృహం అయ్యాయి. సమన్లు వచ్చినవాళ్లు ఇక్కడికి వచ్చేముందు చేతిసంచిలో బ్రష్షు, వెచ్చటి మేజోళ్లు పెట్టుకునేవాళ్లు. ఇంటికి వస్తామో రామో తెలియదు కదా. ఆ వీధిలో నడుస్తున్నంతసేపూ మా ఇద్దరికీ మాట రాలేదు.

మధ్యాహ్నం సెనొవాజ్నె కూడలిలో 'లిబ్రి ప్రొహిబిటి'. నిషేధిత పుస్తకాల గ్రంథాలయం. 1990లో పెట్టింది యిర్జీ గ్రున్తోరాద్. ఆయన చేసిన నేరం ఇలాంటి కాగితాలు టైపు చేసి పంచడమే, దానికి నాలుగేళ్లు జైల్లో ఉన్నారు. ఇక్కడున్న రహస్య పత్రికల సేకరణని యునెస్కో 2013లో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. అంత పేరున్న చోటు చూస్తే పాత అపార్ట్‌మెంట్‌లా ఉంది. పైకప్పుదాకా అట్టలు, ఫైళ్లు, పాత జిగురు వాసన.

ఒకాయన మాకు ఒక పుస్తకం తెచ్చిచ్చారు. అచ్చుపుస్తకం కాదు, టైపు కొట్టిన పలచటి కాగితాలకి బట్ట అట్ట వేసి కుట్టింది. లుద్విక్ వత్సులిక్ అనే రచయిత 1970లలో మొదలుపెట్టిన 'పెత్లిత్సె' వరుసలోది. పెత్లిత్సె అంటే గొళ్లెం. ఆ గొళ్లెం పేరుతో 1989 దాకా దాదాపు 400 పుస్తకాలు ఇలాగే వచ్చాయి. మొదటి పేజీలో ఒక వాక్యం చూపించి మేనకోడలు చదివింది. "ఈ రాతప్రతికి మళ్లీ ప్రతులు తీయడం ఖచ్చితంగా నిషేధం." కింద రచయిత సంతకం, సిరాతో. పోలీసులు పట్టుకుంటే, నేను నా స్నేహితులకి నా రాతప్రతి ఇచ్చుకున్నాను, ప్రతులు తీయొద్దనే రాశాను కదా అని చెప్పుకోవడానికి. చదివిన ప్రతివాళ్లూ ఆ నిషేధాన్ని కూడా కలిపి మళ్లీ టైపు కొట్టేవాళ్లు!

వోన్స్ ప్రకటనలు కూడా చూశాను. 1,100కి పైగా ఉన్నాయి. ఒక్కోటి ఒకటి రెండు పేజీలు. పేరు, పుట్టిన తేదీ, చేసే పని, పెట్టిన సెక్షన్, ఎప్పుడు విచారణ, ఎక్కడ. తిట్టు లేదు, నినాదం లేదు, ఒక విశేషణం లేదు. ఇవి రాసినందుకే 1979 అక్టోబర్‌లో హవెల్‌కి నాలుగున్నరేళ్లు, వోన్స్‌లోనే ఉన్న పెత్ర్ ఊల్‌కి ఐదేళ్లు పడ్డాయి.

బయటికి వచ్చేసరికి ఐదు కాలేదు, చీకటి పడిపోయింది.

అక్టోబర్ 31, గురువారం. బ్రెవ్నోవ్, తర్వాత వంటగది

దీపావళి. మేనకోడలికి క్లాసు ఉంది, నేనొక్కదాన్నే బయల్దేరాను. 22 నంబరు ట్రామ్ ఎక్కాలి. ఎక్కాను, కానీ అటువైపుది. అరగంటయ్యాక కిటికీలోంచి చూస్తే నది దాటనే లేదు, ఊరి చివరికి వస్తున్నాం. టెన్షన్‌తో లేచి పక్కనున్నావిడకి కాగితం మీద రాసుకున్న పేరు చూపించాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, నాతోపాటే దిగి, రోడ్డు దాటించి, ఎదురు స్టాపులో నిలబెట్టి, ట్రామ్ వచ్చేదాకా నా పక్కనే ఉన్నారు. ఆవిడ చేతిలో కూరల సంచి. ఎంత పని పెట్టుకుని వెళ్తున్నారో ఏమో. నాకు వచ్చిన ఒకే ఒక్క చెక్ మాట 'ధన్యవాదాలు' రెండుసార్లు చెప్పాను.

బ్రెవ్నోవ్ మఠం దగ్గర దిగి, పక్కనున్న స్మశానంలోకి వెళ్లాను. యాన్ పటోచ్కా సమాధి వెతుక్కోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన తత్వశాస్త్రం చెప్పిన మాస్టారు. యూనివర్సిటీలో చెప్పనివ్వకపోతే ఇళ్లల్లో చెప్పారు. ఛార్టర్‌కి మొదటి ముగ్గురు ప్రతినిధుల్లో ఒకరు. మిగతా ఇద్దరు వాత్స్లావ్ హవెల్, మాజీ విదేశాంగ మంత్రి యిర్జీ హాయెక్. 69 ఏళ్ల మనిషిని 1977 మార్చిలో గంటల తరబడి విచారించారు. ఆస్పత్రిలో చేరారు, మార్చి 13న మెదడులో రక్తస్రావంతో పోయారు.

అంత్యక్రియల రోజున పైన పోలీసు హెలికాప్టర్ తిరుగుతూనే ఉంది. స్మశానం పక్కనే మోటార్‌సైకిల్ రేసుల స్టేడియం ఉంది. సరిగ్గా అదే సమయానికి అక్కడ ఇంజన్లు రేజ్ చేయించారు. వచ్చినవాళ్లకి ప్రార్థన వినపడకూడదని. వచ్చిన ప్రతి ముఖాన్నీ ఫొటో తీశారు.

నేను వెళ్లినప్పుడు ఏ చప్పుడూ లేదు. ఎవరో ఆకులు ఊడుస్తున్నారు. హైదరాబాద్ నుంచి నాలుగు మట్టి ప్రమిదలు తెచ్చుకున్నాను. రెండు ఇక్కడ వెలిగించాను. నూనె, వత్తి, అగ్గిపెట్టె అన్నీ సంచిలోనే ఉన్నాయి. ఇలా చేయొచ్చో లేదో తెలియదు. ఆకులు ఊడుస్తున్నాయన వచ్చి చూసి, ఎండుటాకులు ప్రమిదల దగ్గరికి రాకుండా చీపురుతో వెనక్కి లాగి వెళ్లిపోయాడు.

మిగిలిన రెండు ప్రమిదలు రాత్రి వంటగది కిటికీ దగ్గర పెట్టాం. పెద్దావిడ లైటు ఆపేశారు. నేను పటోచ్కా దగ్గరికి వెళ్లానని మేనకోడలు చెప్పింది. ఆవిడ కాసేపు దీపాన్నే చూశారు. తర్వాత లేచి స్టూలు తెమ్మన్నారు. అల్మారా మీంచి ఒక పెట్టె దింపించారు. లోపల టైప్‌రైటర్. కన్సుల్ అని రాసి ఉంది, బ్ర్నోలో తయారైంది.

"ఆవిడ ఇది ఎవరికీ చూపించరు అత్తా" అని మేనకోడలు మెల్లగా అంది.

ఆవిడ ఒక డ్రాయింగ్ ఆఫీసులో టైపిస్టు. భర్త కాలేజీ లెక్చరర్, పార్టీ సభ్యుడు. ట్యాంకులు వచ్చాక 'ఈ సైనిక సాయాన్ని సమర్థిస్తావా' అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగారట. సమర్థించనన్నారు. ఆ ఏరివేతలో పార్టీ నుంచి పోయినవాళ్లు మూడు లక్షలకి పైనే. ఆయన ఉద్యోగం పోయింది. ఇంట్లో కూర్చుందామన్నా కుదరదు, పని లేకుండా ఉండడమే ఒక నేరం. గుర్తింపు పుస్తకంలో ఎక్కడ పనిచేస్తున్నావో ముద్ర ఉండాలి. చివరికి ఒక భవనంలో బాయిలర్‌కి బొగ్గు వేసే పని దొరికింది. ఆ పనికి పార్టీ కార్డు అడగరు. అలా బొగ్గు వేస్తూ ఈ ఊళ్లో ఎంతమంది ప్రొఫెసర్లు, పత్రికలవాళ్లు ఉన్నారో! యిర్జీ దీన్స్త్‌బియెర్ అనే జర్నలిస్టు అలా బాయిలర్ దగ్గర్నుంచే 1989 డిసెంబర్‌లో విదేశాంగ మంత్రి అయ్యారు.

ఎలా కొట్టేవారో చూపించమన్నాను. ఆవిడ ముందు దుప్పటి తెచ్చి నాలుగు మడతలు వేసి టైప్‌రైటర్ కింద పెట్టారు. కింది ఇంటివాళ్లకి చప్పుడు వినపడకుండా. తర్వాత మామూలు కాగితాలు తీసుకుని, కార్బన్ ఉన్నట్టే మధ్యమధ్య వేలితో చూపిస్తూ దొంతర పేర్చారు. పన్నెండు పలచటి కాగితాలు, పదకొండు కార్బన్లు. అంచులు బల్ల మీద తట్టి సరిచేసి రోలర్‌లోకి ఎక్కించారు. వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. ఆ వేళ్లతో ఒక అక్షరం కొట్టారు. టైపు కొట్టడం కాదది, మేకు దిగ్గొట్టినట్టు. అంత గట్టిగా కొడితే తప్ప పన్నెండో కాగితం దాకా అక్షరం దిగదు. ఒక తప్పు పడితే పన్నెండు కాగితాల మీదా చెరపాలి. పలచటి కాగితం ఒకే షాపులో ఎక్కువ కొంటే అనుమానం, అందుకని ఊరంతా తిరిగి ఒక్కో షాపులో ఒక్కో కట్ట. ప్రతి మిషన్ అక్షరానికీ ఒక వంకర ఉంటుంది, దాన్ని బట్టి మిషన్ని పట్టుకుంటారు. అందుకే ఆఫీసు మిషన్ ఎప్పుడూ ముట్టలేదు. రాత్రి పదికి కూతురు పడుకున్నాక మొదలుపెడితే ఒంటిగంట అయ్యేది.

నేను, మీరూ అసమ్మతివాదులేనన్నమాట అన్నాను. మేనకోడలు ఆ మాట చెక్‌లో చెప్పేలోపే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. డిసిడెంట్ అన్న మాట అర్థమైపోయింది.

"కాదు. వాళ్లు సంతకం పెట్టారు. నేను పెట్టలేదు. మా ఆయనా పెట్టలేదు. అమ్మాయికి పద్నాలుగేళ్లు, హైస్కూల్ సీటు రావాలి."

ఆ తర్వాత చెప్పింది చాలా నెమ్మదిగా చెప్పారు. మేనకోడలు ఒక్కో వాక్యం ఆగి తెలుగు చేసింది. 1977 జనవరిలో పార్టీ పత్రిక ఛార్టర్ వాళ్లని తిట్టిపోస్తూ రాసింది. నెలాఖరుకి కళాకారులందర్నీ నేషనల్ థియేటర్‌కి పిలిపించి వ్యతిరేక ప్రకటన మీద సంతకాలు పెట్టించారు. ఆఫీసుల్లోనూ మీటింగులు. ఛార్టర్‌ని ఖండిస్తున్నాం, చేతులెత్తండి. ఆ ఛార్టర్‌లో ఏముందో గదిలో ఎవరికీ చూపించలేదు. అది చదివిన మనిషి ఆ గదిలో ఆవిడ ఒక్కరే. ఎందుకంటే వారం నుంచి రాత్రిళ్లు దాన్నే టైపు కొడుతున్నారు.

"ఎత్తాను" అన్నారు. కుడి చెయ్యి బల్ల మీద పెట్టి, ఎడమ చేత్తో దాన్ని తట్టారు. "పొద్దున ఎత్తింది ఈ చెయ్యే. రాత్రి కొట్టిందీ ఈ చెయ్యే."

అమ్మాయికి సీటొచ్చింది.

నాకు ఏం అనాలో తెలియలేదు. నాన్న గుర్తొచ్చారు, టీ పెట్టిచ్చి వచ్చేశానన్న మాట గుర్తొచ్చింది. ఒకటి మాత్రం నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. ఆ సంతకాలు పెట్టినవాళ్ల పేర్లు నేను చదువుకుని వచ్చాను, వాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ తిరిగాను. కానీ ఈ చెయ్యి కొట్టకపోతే ఆ కాగితం ఊళ్లో పదిమందికి చేరేదా? ఆవిడని తప్పుపట్టే అర్హత, సీటు కోసం బిడ్డని పట్టుకుని లైన్లో నిలబడిన ఏ తల్లికీ లేదు. ఈ మాటే చెప్పించాను. ఆవిడ ఒప్పుకోలేదు. తల అడ్డంగా ఊపి, దీపంలో వత్తి ముందుకి జరిపారు.

పడుకోబోయే ముందు ఆవిడ ఒక కవరు తెచ్చారు. లోపల నాలుగు కాగితాలు, ఉల్లిపొర లాంటివి. అక్షరాలు బూడిద రంగులో అలుక్కుపోయి ఉన్నాయి. పన్నెండో ప్రతి. కొట్టినవాటిలో మంచివి అన్నీ పంచేసి, ఎవరికీ ఇవ్వలేని ఆఖరిది తన దగ్గర ఉంచుకునేవారట. దీపం ముందు పట్టుకుంటే తప్ప చదవడానికి రాలేదు.

నవంబర్ 1, శుక్రవారం. నది ఒడ్డు

నది ఒడ్డున హవెల్ ఉన్న ఇల్లు చూశాం. ఆ ఇల్లు వాళ్ల తాతగారు కట్టించింది. అప్పట్లో ఆ ఒడ్డుకి ఎంగెల్స్ పేరు ఉండేది. గుమ్మం దగ్గర పోలీసులు కాపలా ఉండేవాళ్లు, వచ్చినవాళ్ల గుర్తింపు పుస్తకాలు చూసేవాళ్లు. ఇప్పుడు జనం అంతా పక్కనున్న వంకర భవనాన్ని ఫొటోలు తీసుకుంటున్నారు.

జైలు నుంచి హవెల్ భార్యకి వారానికి ఒక్క ఉత్తరం రాయొచ్చు, నాలుగు పేజీలు. కొట్టివేతలు ఉండకూడదు. ఆ ఉత్తరాలు అందుకున్న ఓల్గా రోజులు ఎలా గడిచాయో అని ఆలోచిస్తూ నడిచాను. జైలు బయట ఉన్నవాళ్ల జైలు గురించి తక్కువే రాశారు.

చలి ఎక్కువగా ఉంది. ఒక కాఫీ 75 కొరూనాలు. కాఫీ షాపు అద్దాలు ఒకతను తుడుస్తున్నాడు, బకెట్, పొడవాటి కర్ర. మిలోస్లావ్ వ్ల్క్ అనే పాదిరి కథ మేనకోడలికి చెప్పాను. 1978లో ప్రభుత్వం ఆయన లైసెన్సు తీసేసింది. ఎనిమిదేళ్లు ఈ ఊళ్లోనే షాపుల అద్దాలు తుడిచారు. 1991లో ఇదే ఊరికి ఆర్చిబిషప్ అయ్యారు. "మరి ఆ ఎనిమిదేళ్లూ అలా అవుతానని ఆయనకి తెలియదు కదా అత్తా" అంది. అది చాలాసేపు నా మనసులో ఉండిపోయింది. మనకి ముగింపు తెలుసు. వాళ్లకి తెలియదు.

నవంబర్ 2, శనివారం. ఒల్షానీ

ఇవాళ ఇక్కడ పెద్దల పండగ. దుషిచ్కి అంటారు. ఊరంతా స్మశానాల్లోనే. పెద్దావిడ సంచి సర్దారు. చిన్న చీపురు, నీళ్ల సీసా, గుడ్డ, ఎర్రగాజు దీపాలు. దీపాలు గేటు దగ్గర కూడా అమ్ముతారు కానీ అక్కడ ధర ఎక్కువట. పూలు నేను కొన్నాను. ఈసారి ఆరు.

భర్త సమాధి రాయిని ఆవిడే తడిగుడ్డతో తుడిచారు. మమ్మల్ని చెయ్యి వేయనివ్వలేదు. చుట్టూ కుటుంబాలు, చిన్నపిల్లలు, థర్మాస్‌లలో టీ. మాటలు మెల్లగా. ఏడుపులు లేవు.

తర్వాత పలాఖ్ దగ్గరికి తీసుకెళ్లారు. యాన్ పలాఖ్, ఇరవై ఏళ్ల కుర్రాడు. ట్యాంకులకి జనం అలవాటు పడిపోతున్నారని, 1969 జనవరి 16న మ్యూజియం ముందు ఒంటికి నిప్పంటించుకున్నాడు. మూడు రోజులకి పోయాడు. ఇక్కడ పాతిపెడితే జనం పూలు తేవడం మానలేదు. 1973లో రహస్య పోలీసులు శవాన్ని తవ్వించి, దహనం చేయించి, బూడిద వాళ్లమ్మకి పంపించారు. ఖాళీ అయిన చోట వృద్ధాశ్రమంలో పోయిన ఒక ముసలావిడని పెట్టి, ఆవిడ పేరు రాయించారు. మరియె యెద్లిచ్కోవా అని. జనం ఆ పేరు ముందే దీపాలు పెట్టారు. 1990లో బూడిద తిరిగొచ్చింది.

పెద్దావిడా అలాగే పెట్టేవారట. "ఎవరైనా అడిగితే మా పిన్ని అని చెబుదామనుకునేదాన్ని. ఎవరూ అడగలేదు." ఇప్పుడు కూడా ఆవిడ రెండు దీపాలు పెట్టారు. ఒకటి పలాఖ్‌కి. రెండోది ఎవరికని అడిగాను. "మా పిన్నికి" అన్నారు.

దూరంగా ఒక పెద్ద శిలువ ఉంది. ఎక్కడో దూరాన పోయినవాళ్ల కోసం, సమాధి లేనివాళ్ల కోసం అక్కడ దీపాలు పెడతారు. దాని కింద నేల ఎర్రగా వెలుగుతోంది. ఆవిడ సంచిలో చూసుకుని, ఇంకో దీపం ఉంది, నీకు ఎవరికైనా పెట్టాలని ఉందా అని అడిగారు. అప్పుడు నాన్న చెప్పింది మొదటిసారి ఆవిడకి చెప్పాను. రామచంద్రాపురం, చెక్ ఇంజనీరు, రేడియో, టీ. మేనకోడలికి కూడా ఆ సంగతి తెలియదు. తాతయ్య అలా చేశారా అని నా వంక చూసింది.

"ఆయన పేరేంటి?" అని ఆవిడ అడిగారు.

నాకు తెలియదు. నాన్న ఎప్పుడూ 'ఇంజనీర్ సార్' అనే అన్నారు. ఈ దేశానికి తిరిగి వచ్చాడో, మన దగ్గరే ఉండిపోయాడో, వస్తే 'సమర్థిస్తావా' అన్న ప్రశ్నకి ఏం జవాబు చెప్పాడో కూడా తెలియదు.

గాలికి అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి మేనకోడలు కోటు అడ్డం పట్టింది. వెలిగాక ఆవిడ గాజు మూత పెట్టి, వంగి, కాస్త గాలి తగ్గిన చోట మిగతా దీపాల మధ్య దాన్ని సర్దారు. తర్వాత నన్ను ఇంకోసారి చెప్పమన్నారు.

"ఇంజనీర్ సార్" అన్నాను.

"ఇంజనీర్ సార్" అని ఆవిడ తిరిగి అన్నారు, 'ర్' కొంచెం గట్టిగా పలుకుతూ.

ఇంటికెళ్లేటప్పుడు దారిలో దుంపలు కొన్నారు. మరువం ఇంట్లో ఉందన్నారు.